ఐఎస్‌బీఎన్‌నే ప్రైమరీ కీగా పెట్టాలా, వేరే ఐడీ ఇవ్వాలా?

కొత్త_స్కీమా

అందరికీ నమస్కారం. ఒక లైబ్రరీ కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ఇప్పటిదాకా వాళ్ల లెక్కలన్నీ ఎక్సెల్ షీట్లలోనే ఉన్నాయి, వాటిని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి తేవాలి. టేబుళ్లు పెద్ద ఎక్కువేం లేవు: పుస్తకాలు, వాటి కాపీలు, రచయితలు, సభ్యులు, ఎవరు ఏది తీసుకెళ్లారో రాసుకునే ఇష్యూ టేబుల్. చిక్కంతా ప్రైమరీ కీ (ఒక్కో రికార్డునూ విడిగా గుర్తుపట్టే విలువ) దగ్గరే వచ్చింది.

మా టీమ్ లీడ్ మాట ఒకటే. ప్రతి టేబుల్‌కీ ఐడీ అని ఒక కాలమ్, దానంతటదే పెరిగే నంబరు, అంతే. ఇంకో సీనియర్ గారు ఒప్పుకోవడం లేదు. "పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉంది కదా, ప్రపంచమంతా దాంతోనే గుర్తుపడుతుంటే మనం ఇంకో నంబరు పుట్టించడం దేనికి?" అంటున్నారు. ఇష్యూ టేబుల్‌కి కూడా సభ్యుడి నంబరు, కాపీ నంబరు కలిపి కీ చేద్దాం, ఐడీ అక్కర్లేదు అంటున్నారు. లీడ్ గారేమో, రెండు కాలమ్‌ల కీ పెడితే కోడ్ రాసేవాళ్లకు ప్రాణం మీదికొస్తుందని అంటున్నారు.

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. డేటా ఎక్కాక కీ మార్చడం మహా కష్టమని అందరూ చెబుతున్నారు కాబట్టి ముందే తేల్చుకోవాలని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

బ్యాకెండ్_మనిషి

ఐడీ పెట్టేయండి, ఇంకో ఆలోచన వద్దు. బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల టైప్), ఐడెంటిటీ కాలమ్ (నంబరు దానంతటదే పెరిగేది). బయటి ప్రపంచంలో ఏ నంబరు మారినా మీ ఫారిన్ కీలు (ఇంకో టేబుల్ రికార్డును పట్టుకునే కాలమ్‌లు) కదలవు. ఐఎస్‌బీఎన్ మారితే దాన్ని పట్టుకున్న టేబుళ్లన్నీ మార్చాలి. కీ మారితే దాన్ని పట్టుకున్నవన్నీ వాటంతటవే మారే ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ ఉందిగా అంటారు కానీ, ఒరాకిల్‌లో అది లేనే లేదు. ఉన్నచోట కూడా ఒక్క మార్పుతో లక్షల రికార్డులు కదిలితే అంతసేపూ లాకులు పడతాయి.

చాలా ఫ్రేమ్‌వర్కులు ఒకే ఐడీ కాలమ్ ఉంటుందన్న లెక్కతోనే పెరిగాయి. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో కాంపోజిట్ (రెండు మూడు కాలమ్‌లు కలిపిన) ప్రైమరీ కీ వచ్చింది 2025లో, 5.2 వెర్షన్‌తోనే. ఎదురీదడం దేనికి?

పాత_డీబీఏ

మీ లీడ్ గారూ, సీనియర్ గారూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. అందుకే ఇద్దరి మాటా మీకు సబబుగా కనిపిస్తోంది.

మిగతా టేబుళ్లు ఈ రికార్డును దేనితో పట్టుకోవాలన్నది ఒక ప్రశ్న. ఒకే పుస్తకం రెండు రికార్డులుగా ఎక్కకుండా ఎవరు ఆపాలన్నది ఇంకో ప్రశ్న. ఐడీ మొదటిదానికి చక్కటి జవాబు. రెండోదానికి అది జవాబే కాదు. అదే పుస్తకాన్ని ఎన్నిసార్లు ఎక్కిస్తే అన్నిసార్లూ మారుమాట్లాడకుండా కొత్త నంబరు వేసి లోపలికి తీసుకుంటుంది.

వేరేవాళ్లు కట్టిన ఒక లైబ్రరీ కేటలాగు డేటాబేస్‌ను నేను చాలాకాలం చూసుకున్నాను. ప్రతి టేబుల్‌కీ ఐడీ ఉంది, ఒకే విలువ రెండోసారి ఎక్కకుండా ఆపే యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఎక్కడా లేదు. ఒకే పుస్తకం మూడు రికార్డులుగా ఉండేది. ఒకదాంట్లో ఐఎస్‌బీఎన్ మధ్యలో గీతలతో, ఇంకోదాంట్లో గీతల్లేకుండా, మూడోదాంట్లో పాత 10 అంకెల రూపంలో. ఒక పాఠకురాలు మొదటి రికార్డు మీద రిజర్వేషన్ పెట్టారు. వెనక్కి వచ్చిన కాపీ మూడో రికార్డుకు తగిలించి ఉంది. సిస్టమ్ లెక్కలో ఆవిడ అడిగిన పుస్తకం ఇంకా రాలేదు. కాపీ మాత్రం అలమరాలోనే ఉంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లు స్క్రీన్ చూసి "ఇంకా రాలేదండీ" అనే చెబుతారు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆవిడ వారం వారం వచ్చి అడిగి వెళ్లడం చూశాకే నేను ఈ విషయంలో ఇంత పట్టుదలగా ఉంటాను. యూనిక్ కన్‌స్ట్రెయింట్ అంటే ఏదో సాంకేతిక లాంఛనం అనుకుంటారు చాలామంది. అది ఆ పాఠకురాలికి పుస్తకం చేరడం.

అలా పడ్డ డూప్లికేట్లను కలపడం ఎంత పనో చెబుతాను. ఏ రికార్డు ఉంచాలో ముందు ఎంచుకోవాలి. తీసేసే ఐడీని పట్టుకుని ఉన్న కాపీలను, రిజర్వేషన్లను, రచయితల లింకులను ఉంచే ఐడీ వైపు తిప్పాలి. తిప్పేటప్పుడు ఒకే రచయిత రెండుసార్లు పడితే ఒకటి తీసేయాలి. ఆ తర్వాతే డిలీట్. చివరి డూప్లికేట్ పోయేదాకా, ఆ కన్‌స్ట్రెయింట్‌ను అమలుచేసే యూనిక్ ఇండెక్స్ తయారు కాదు, ఎర్రర్ ఇస్తూనే ఉంటుంది. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడైతే ఇది ఒక్క లైను పని.

ఇక ఐఎస్‌బీఎన్. అది మారదని మీ సీనియర్ గారి నమ్మకం. 2007 జనవరి 1 నుంచి 10 అంకెలది 13 అంకెలైంది. ముందు 978 తగిలిస్తే సరిపోదు, చివరి చెక్ అంకెను (మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో చూసేందుకు వేసేది) కూడా మళ్లీ లెక్కకట్టాలి. 0306406152 అన్నది 9780306406157 అవుతుంది, చివర 2 పోయి 7 వచ్చింది చూడండి. పాత రూపంలో ఆ చివరి స్థానంలో ఎక్స్ అక్షరం కూడా రావచ్చు, కాబట్టి ఆ కాలమ్ టెక్స్ట్‌గానే ఉండాలి. నంబరుగా పెడితే మొదట్లో ఉన్న సున్నా కూడా ఎగిరిపోతుంది. మీరు ఎక్సెల్ నుంచి తెస్తున్నారు కాబట్టి ఈ పని ఇవాళే చేయండి: సున్నాలు ఇప్పటికే పోయాయేమో చూడండి. 13 అంకెలవి 9.78ఈ+12 లాగా కనిపిస్తుంటే ఆ షీట్‌ను అలాగే సీఎస్‌వీగా సేవ్ చేయకండి. కనిపించేదే ఫైల్లోకి వెళ్తుంది, మిగతా అంకెలు ఇక దొరకవు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. పాత పుస్తకాలకు అది ఉండదు. సొంతంగా అచ్చువేసుకున్నవాటికి, సావనీర్లకు, నివేదికలకు చాలాసార్లు ఉండదు. ప్రైమరీ కీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు కదా, దాంతో డేటా ఎక్కించేవాళ్లు ఏదో ఒక దొంగ నంబరు కొడతారు. అక్కడి నుంచి ఆ కాలమ్‌ను ఎవరూ నమ్మలేరు. ప్రచురణకర్తలు పొరపాటున ఒకే ఐఎస్‌బీఎన్‌ను రెండు వేరే పుస్తకాలకు వాడిన సందర్భాలూ ఉన్నాయి. అట్ట బైండింగు ప్రతికి ఒక నంబరు, పేపర్‌బ్యాక్‌కి ఇంకో నంబరు. మరి మీ టేబుల్లో "పుస్తకం" అంటే ఆ రెండూ కలిపి ఒకటా, విడివిడిగా రెండా? కీ సంగతి కన్నా ముందు లైబ్రేరియన్‌తో కూర్చుని తేల్చుకోవాల్సింది అదీ.

అందుకని పుస్తకాల టేబుల్‌కి ఐడీయే ఇవ్వండి. ఐఎస్‌బీఎన్‌లకు పక్కన చిన్న టేబుల్ పెట్టి, పుస్తకం ఐడీ, ఐఎస్‌బీఎన్ రెండూ కలిపి దానికి కీ చేయండి. గీతలు తీసేసి, 13 అంకెలకు మార్చి, చెక్ అంకె సరిచూశాకే లోపలికి రానివ్వండి. అదే ఐఎస్‌బీఎన్ వేరే పుస్తకానికి ఇప్పటికే ఉంటే స్క్రీన్ మీద హెచ్చరిక రావాలి, మనిషి చూసి నిర్ణయించాలి. పుస్తకాల విషయంలో పూర్తిగా నమ్మదగ్గ సహజమైన కీ (డేటాలోనే ఉండే గుర్తింపు) లేదు, అది ఒప్పుకుని అక్కడ మనిషి కన్ను పెట్టాల్సిందే.

కాపీల టేబుల్ అలా కాదు. పుస్తకం కొన్నప్పుడు రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబరు వేస్తారు. ఆ పుస్తకం పోయినా, చిరిగినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వరు. దాన్ని ఇచ్చేదీ కాపాడేదీ ఆ లైబ్రరీయే. నేను ఏ కీనైనా మొదట చూసేది ఇదే: ఆ విలువ ఎవరి చేతిలో ఉంది? బయటివాళ్ల చేతిలో ఉంటే వాళ్లు మనల్ని అడక్కుండానే మార్చేస్తారు. ఇది మన చేతిలోదే, పైగా పుస్తకం మీద రాసి కూడా ఉంటుంది. కాబట్టి కాపీలకు యాక్సెషన్ నంబరునే ప్రైమరీ కీ చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు. ఆర్డరు పెట్టి ఇంకా చేతికి రాని కాపీలను కూడా అదే టేబుల్లో ఉంచుతారంటే మాత్రం కుదరదు, వాటికి ఇంకా నంబరే పడలేదు. రిలేషనల్ మోడల్‌కు పునాది వేసిన ఎడ్గర్ కాడ్ 1979లో సర్రొగేట్ కీలు (మన ఐడీలా సిస్టమ్ పుట్టించేవి) ఎందుకు కావాలో చెబుతూ ఇచ్చిన కారణాల్లో ఇదీ ఒకటి: వాడుకరి నంబరు ఇంకా ఇవ్వకముందే ఆ వస్తువు గురించి రాసుకోవాల్సి రావచ్చు.

అట్ట మీద అంటించే బార్‌కోడ్‌ను యాక్సెషన్ నంబరుతో కలిపేయకండి. స్టిక్కర్ చిరిగితే కొత్తది వేస్తారు.

ఇష్యూ టేబుల్‌కి సభ్యుడు, కాపీ కలిపి కీ అన్నారు. ఆ సభ్యుడు అదే కాపీని మళ్లీ వచ్చే నెల తీసుకెళ్తే? రెండో ఇష్యూ ఎక్కదు. కౌంటర్ దగ్గర ఆ ఎర్రర్ చూసినవాళ్లు పాత రికార్డునే తిరగరాస్తారు, చరిత్ర పోతుంది. దానికి ఐడీ ఇవ్వండి. కానీ అక్కడ కాపాడాల్సిన నియమం ఇంకోటుంది: ఒక కాపీ ఒకేసారి ఇద్దరి చేతుల్లో ఉండకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో పార్షియల్ యూనిక్ ఇండెక్స్ వేయొచ్చు. కాపీ నంబరు మీద, తిరిగిచ్చిన తేదీ ఖాళీగా ఉన్న రికార్డులకు మాత్రమే. రెండు కౌంటర్లలో ఒకే క్షణంలో నొక్కినా ఒకటే ఎక్కుతుంది. ఈ హామీ అప్లికేషన్ కోడ్‌లో ముందు వెతికి తర్వాత ఇన్సర్ట్ చేసే పద్ధతిలో దొరకదు. ఆ రెండు పనుల మధ్య సందులోంచి రెండోది దూరిపోతుంది.

పుస్తకం-రచయిత టేబుల్‌కి మాత్రం ఐడీ వద్దు. పుస్తకం, రచయిత, పాత్ర కలిపి కీ. పాత్ర ఎందుకంటే ఒకే మనిషి సంపాదకుడూ, అనువాదకుడూ కావచ్చు. అక్కడ ఐడీ పెట్టి యూనిక్ మర్చిపోయిన ప్రతిచోటా కేటలాగు పేజీలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది.

రిపోర్టులు_రాసేవాణ్ణి

పాత_డీబీఏ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. భాషల టేబుల్, దేశాల టేబుల్ లాంటివాటికి కూడా చాలామంది ఐడీ పెట్టేస్తారు. పుస్తకం రికార్డు తెరిస్తే భాష 17 అని ఉంటుంది. 17 అంటే ఏమిటో తెలియాలంటే భాషల టేబుల్‌తో జాయిన్ చేయాలి. అదే 'టీఈ' అన్న రెండక్షరాల కోడ్ ఉంటే రికార్డు చూడగానే తెలుగు అని తెలిసిపోతుంది. టెస్ట్ సర్వర్‌లో తెలుగు 17, అసలు సర్వర్‌లో 23 అయిన చోట పనిచేశాను, క్వెరీలో 17 అని నేరుగా రాసినవన్నీ తప్పు లెక్కలు ఇచ్చాయి.

ఇంకోటి, రెండు లైబ్రరీల డేటా ఎప్పుడైనా కలపాల్సి వస్తే ఐడీలు పనికిరావు. ఇక్కడి 512, అక్కడి 512 వేరే పుస్తకాలు. అప్పుడు రెండు వైపులా ఉన్న సహజమైన కీలే దిక్కు.

పాత_డీబీఏ

పూర్తిగా ఒప్పుకుంటాను, భాషకు కోడే మంచిది. దేశాల కోడ్‌ల దగ్గర ఒక్క జాగ్రత్త. 'సీఎస్' అన్నది ఒకప్పుడు చెకొస్లొవేకియా కోడ్. ఆ దేశం 1993లో రెండయింది. 2003లో అదే 'సీఎస్'ను సెర్బియా-మాంటెనెగ్రోకు ఇచ్చారు, 2006లో అవీ విడిపోయాయి. ప్రచురణ దేశం 'సీఎస్' అని ఉంటే అది ఏ దేశమో పుస్తకం అచ్చయిన సంవత్సరం చూస్తే గానీ తెలియదు. పాత పుస్తకాలున్న లైబ్రరీలో ఇది ఊరికే అనుకునే మాట కాదు. కోడ్‌తో పాటు అది చెల్లే కాలాన్ని కూడా టేబుల్లో రాసుకుంటే సరిపోతుంది.

కొత్త_స్కీమా

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. ఇష్యూ టేబుల్ సంగతి చదివి మా సీనియర్ గారు కూడా ఒప్పుకున్నారు. ఇంకో అనుమానం. పాఠకుల కోసం వెబ్‌సైట్ కూడా ఉంటుంది. అడ్రస్‌లో వరస నంబర్లు కనిపిస్తే ఎవరైనా ఒక్కో నంబరూ మార్చి చూసుకుంటూ పోతారు, కాబట్టి అన్నిటికీ యూయూఐడీ (ఎక్కడ పుట్టించినా ఇంకోదానితో కలవని పొడవాటి ఐడీ) పెట్టమని ఇంకొకరు సలహా ఇచ్చారు. స్పీడు తగ్గుతుందా?

పాత_డీబీఏ

రెండు సంగతులు కలిసిపోయాయి, విడదీద్దాం.

నంబరు మార్చి వేరేవాళ్ల ఇష్యూ లిస్టు చూడగలిగితే, అక్కడ లోపం కీలో లేదు. ఈ పేజీ ఈ సభ్యుడు చూడొచ్చా లేదా అని సర్వర్ అడగడం లేదు. యూయూఐడీ పెట్టినా ఆ లింకు ఒకరు ఇంకొకరికి పంపితే తెరుచుకుంటుంది. ముందు ఆ తనిఖీ రాయండి. ఎవరెవరు ఏమేం చదువుతున్నారో అన్నది వాళ్ల సొంత విషయం, లైబ్రరీ దాన్ని కాపాడాలి. కేటలాగు పేజీల్లో పుస్తకం నంబరు వరసగా కనిపిస్తే మాత్రం నష్టమేమీ లేదు, అది ఎలాగూ అందరూ చూసేదే.

సైజు సంగతి. బిగ్‌ఇంట్ 8 బైట్లు, యూయూఐడీ 16. కానీ దాన్ని టెక్స్ట్ కాలమ్‌లో పెడితే 36 అక్షరాలు, ఆ పని ఎప్పుడూ చేయకండి. పోస్ట్‌గ్రెస్‌లో దానికంటూ ఒక టైప్ ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడే ఇన్నోడీబీ స్టోరేజ్‌లో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ టేబుల్ మొత్తం ప్రైమరీ కీ వరసలోనే పేర్చి ఉంటుంది, మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీ విలువ ఇంకోసారి రాసి ఉంటుంది. కీ లావయితే ఇండెక్సులన్నీ లావవుతాయి.

వెర్షన్ 4 యూయూఐడీ పూర్తిగా ర్యాండమ్. కొత్త రికార్డు ఇండెక్స్‌లో ఎక్కడ పడుతుందో చెప్పలేం, ఇండెక్స్ పేజీలు (డిస్క్ మీద దాచే ముక్కలు) మధ్యలో చీలుతుంటాయి, మెమరీలో లేని పేజీలను డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో వెర్షన్ 7 ఉంది. దాని మొదటి 48 బిట్లు మిల్లీసెకన్లలో సమయం, కాబట్టి కొత్తవి చివర్లోనే చేరతాయి. పోస్ట్‌గ్రెస్ 18లో దీన్ని తయారుచేసే ఫంక్షన్ వచ్చేసింది. అయితే అందులో రికార్డు పుట్టిన సమయం చదవొచ్చని గుర్తుంచుకోండి. సభ్యుడు ఎప్పుడు చేరాడో బయటికి తెలియకూడదంటే అక్కడ అది వద్దు.

నెట్ లేనప్పుడు కూడా పనిచేసే మొబైల్ యాప్ ఉండి, ఫోన్లోనే రికార్డు పుట్టి తర్వాత సర్వర్‌కి చేరే పద్ధతి అయితే యూయూఐడీ నిజంగా పనికొస్తుంది. మీకు ఒకటే సర్వర్, ఒకటే డేటాబేస్. బిగ్‌ఇంట్ చాలు. మామూలు ఇంటీజర్ కూడా 2,147,483,647 దాకా పోతుంది, మీ పుస్తకాలకు అది సరిపోతుంది కూడా. కానీ మిగిలే 4 బైట్ల కోసం ఆ హద్దు పెట్టుకోవడం దేనికి?

వరస నంబర్లలో మధ్యలో ఖాళీలు వస్తాయి. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా (మధ్యలో రద్దయినా) నంబర్లిచ్చే సీక్వెన్స్ వెనక్కి రాదు, అది అలాగే ఉండాలి కూడా. లైబ్రేరియన్ గారికి ఖాళీల్లేని రిజిస్టర్ కావాలంటే ఆ పని యాక్సెషన్ నంబరుది, ఐడీది కాదు. ఐడీని రసీదుల మీద, కార్డుల మీద ఎక్కడా అచ్చువేయకండి. ఒకసారి కాగితం మీదికి ఎక్కిందంటే జనం దాన్ని చదువుతారు, ఫోన్లో చెప్పుకుంటారు, మార్చమని అడుగుతారు.

కొత్త_స్కీమా

చివరిగా ఒక్కటి. సభ్యులకు కార్డు నంబరు ఉంది, లైబ్రరీయే ఇస్తుంది. మీరు చెప్పినట్టు అది మన చేతిలోదే కదా, దాన్నే సభ్యుల ప్రైమరీ కీ చేయొచ్చా?

పాత_డీబీఏ

కార్డు పోయినప్పుడు ఏం చేస్తారో కౌంటర్‌లో అడగండి. అదే నంబరుతో మళ్లీ అచ్చువేసి ఇస్తే, పోయిన కార్డు దొరికినవాళ్లు కూడా పుస్తకాలు తీసుకెళ్లగలరు. అందుకే చాలాచోట్ల కొత్త నంబరు ఇచ్చి పాతదాన్ని ఆపేస్తారు. అంటే ఆ నంబరు గుర్తుపట్టేది కార్డును, మనిషిని కాదు. సభ్యులకు ఐడీ ఇవ్వండి. కార్డులకు వేరే టేబుల్ పెట్టి, కార్డు నంబరును దానికి ప్రైమరీ కీ చేసి, సభ్యుడి ఐడీ, ఇచ్చిన తేదీ, ఆపేసిన తేదీ రాసుకోండి. ఒక సభ్యుడికి ఒకేసారి ఒకటే చెల్లే కార్డు అన్న నియమానికి ఇష్యూ టేబుల్లో వేసిన పార్షియల్ ఇండెక్సే ఇక్కడా సరిపోతుంది.

ఫోన్ నంబరును, ఈమెయిల్‌ను మాత్రం సభ్యుల మీద యూనిక్ చేసే ముందు ఆలోచించండి. పిల్లలందరికీ అమ్మ ఫోన్ నంబరే రాసి ఉంటుంది.